లాకు గోడ మీద నేర్చిన సాము

పోయిన నెల మా ఊరి ఇస్కూలుకి కొత్త డ్రిల్లు మేష్టరు వచ్చాడు. పాతికేళ్లుండవు. పిల్లలకి కర్రసాము కూడా నేర్పిస్తే బాగుంటుందని పెద్దలెవరో చెప్పారట, నాకు కబురంపించి, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. మర్యాదస్తుడే. కాని కూర్చున్నానో లేదో, కాగితమూ కలమూ తీసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "తాతగారూ, తమరు ఏ గురువుగారి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారండి? దానికి రుజువేమైనా ఉందాండి?"

నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్ల పాటు మూడు పేటల మగవాళ్లకి కర్ర పట్టడం నేర్పినవాణ్ణి రుజువు తెమ్మంటాడా? అతనికి కాగితం ఉంది. రాజమండ్రిలో ఎవరో సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం ఎడమ, కుడి అని అరవడం నేర్పింది గాని, కర్ర తిప్పమంటే అతను గొడుగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక కోపం తగ్గలేదు. తగ్గించుకోవడానికి రాస్తున్నాను. కర్ర పట్టాలని ఉబలాటపడే కుర్రవాళ్లు చదవండి. డ్రిల్లు మేష్టరుగారు కూడా చదివితే మరీ సంతోషం.

నేను మొదట సాము గురువుని కాను. కాలవ లస్కరుని. గోదావరికి ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన కొన్నేళ్లకి, ధవళేశ్వరానికి దిగువన ఒక లాకు దగ్గర పనికి కుదిరాను. అప్పటికే పెళ్లయింది, ఒక కూతురు. చదువు లేదు. పడవల ముక్కుల మీద రాసిన పేర్లు చూసి, పడవ నడిపే సరంగులని అడిగి, నా అంతట నేనే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఈ రాస్తున్నదంతా ఆ చదువే.

లాకు ఎరగనివాళ్లకి రెండు ముక్కలు చెబుతాను, ఎందుకంటే నా కథంతా దాని మీదే ఉంది. కాలవ నీరు ఎగువన ఎత్తులోనూ దిగువన పల్లంలోనూ ఉంటుంది. మధ్యలో పడవ పట్టేంత రాతి తొట్టి కట్టి, రెండు కొసలా తలుపులు పెట్టారు. పడవ తొట్టిలోకి రాగానే తలుపులు మూసి, తూము ఎత్తి నీళ్లు నింపితే, పడవ నీళ్లతోపాటు పైకి లేస్తుంది. తలుపుకి రెండు రెక్కలు, ఒక్కో రెక్కకి ఒక దూలం. ఈ గోడ మీద ఒక లస్కరు, ఆ గోడ మీద ఒక లస్కరు ఎదురెదురుగా నిలబడి ఆ దూలాలని నడుము ఆనించి తోయాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఈ గోడ నాది. ఆ గోడ మా మేనత్త కొడుకుది, నాకు బావ. నోరు ఊరుకోని మనిషి. దారిన పోయే ప్రతివాడి నడకా అనుకరించి మనుషులని నవ్వించేవాడు. నన్ను మరీ ఎక్కువ.

తూము ఎత్తాక తొట్టి నిండేదాకా మాకు పని లేదు. ఒక చుట్ట కాల్చుకునేంత సేపు. ఆ సేపే నా బడి.

నా గోడ పక్కనే తాటాకుల దడి, దడి వెనక తాలింఖానా. ఊళ్లో పెద్ద వీధుల మగపిల్లలు పొద్దున్నే అక్కడ కర్రసాము నేర్చుకునేవారు. దసరా పది రోజులూ, ముఖ్యంగా విజయదశమి నాడు, వీధివారీగా కర్రలు తిప్పుకుంటూ ఊరేగింపు నడిచేవారు. మాది గోదావరి మీద వలలు వేసుకు బతికే పల్లెకారుల పేట. మమ్మల్ని ఆ దడి లోపలికి రానిచ్చేవారు కాదు. ఊరేగింపులో మా పని వేరు. కుండలు మోసుకుంటూ ముందు నడిచి, సాము చేసేవాళ్ల కళ్లలో దుమ్ము పడకుండా బాట పొడుగునా నీళ్లు చల్లాలి. మా తాత చల్లాడు, మా నాన్న చల్లాడు, నేనూ చల్లాను. మేమూ కర్రలు పట్టుకు నడుస్తామని మా పేట పెద్ద తాలింఖానా పెద్దల్ని ఏటా అడిగేవాడు. "మీకో గురువు ఉంటే తప్పకుండా రండి" అని వాళ్లు ఏటా ఎంతో మర్యాదగా జవాబిచ్చేవారు. మా పేటకి నేర్పడానికి ఏ గురువూ రాడని వాళ్లకి తెలుసు. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటలాడతాయి.

దడి ఎత్తే గాని నా గోడ అంతకన్నా ఎత్తు. అవతలి కొసన శిష్యులు నిలబడే చోట కిందికి వంచి పందిరి వేసి ఉండేది, అందుచేత వాళ్లు నాకు కనపడేవారు కాదు. పందిరికి ఇవతల ఎండలో, శిష్యులకి వీపు పెట్టి, నాకు ఎదురుగా, గురువుగారు ఒక్కరే కనపడేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కర్ర పుల్లలా. ఆయన చేతిలో కర్ర తిరుగుతుంటే కర్ర కనపడేది కాదు, గాలిలో ఒక చక్రం కనపడేది. తూము దగ్గర నీటి హోరులో ఆయన మాట ఒక్కటీ వినపడేది కాదు. చూడటమే.

మొదట ఊరికే చూశాను. తరవాత పడవలు తోసే గెడ చేతిలోకి తీసుకుని ఒక అడుగు వేసి చూశాను. అలా మొదలైంది. పడవ వస్తే చాలు, పరిగెత్తి తూము ఎత్తేవాణ్ణి. సరుకు కోసం కాదు, నీళ్లు నిండే ఆ కాస్త సేపు కోసం. ఒక పడవకి ఒక అడుగు. దడి వైపు చూడటం, తొట్టి వైపు తిరిగి అదే వేయడం. కాకినాడకి ధాన్యం పోయే కాలంలో పడవ మీద పడవ, నాకు పండగ. అటుపక్క గోడ మీద మా బావ నేనేది చేస్తే అది చేసి వెక్కిరించేవాడు. నాకు అడుగు పడేటప్పుడు నాలిక కొరుక్కునే అలవాటు. తనూ నాలిక బయటికి పెట్టి, చేతిలో కర్ర ఉన్నట్టు తిప్పి, పడవలోవాళ్లని నవ్వించేవాడు. ఒకసారి తొట్టి నిండి, నీళ్లు తలుపు మీంచి పొర్లి, సరంగు నా తాతముత్తాతలందరినీ తలుచుకుంటున్నా నేను వినలేదు. లాకు సూపర్నెంటు వచ్చి నా చేతిలో గెడ లాక్కుని, ఇంకోసారి ఇలా చేస్తే ఈ గెడతోనే నిన్ను కాలవలోకి తోస్తానన్నాడు. తోయలేదు. మర్నాడు గెడ తిరిగి నా గోడకే ఆనించి ఉంది.

మూడేళ్లు. ఎనిమిది అడుగుల వరస మొత్తం నాకు వచ్చేసింది. గోదాకి మొక్కి మన్ను నుదుటికి అద్దుకోవడం దగ్గర నుంచి, చివర కర్ర చంకలోకి తెచ్చి నిలబడటం దాకా. వచ్చిందని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పింది మా బావ. కల్లు పాక దగ్గర నన్ను అనుకరించి నవ్విస్తుంటే మా పేట పెద్ద చూశాడు. నవ్వలేదట. మర్నాడే, నన్నొక్క మాట అడగకుండా, తాలింఖానా పెద్దల దగ్గరికి పోయి, మా పేటకి గురువు ఉన్నాడండి అని చెప్పి వచ్చాడు. వాళ్లు నివ్వెరపోయి, సరే, దసరాకి ముందు అమావాస్య నాడు పొద్దున్న గోదాలో పరీక్ష, తప్పితే మాత్రం మీ పేట ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు అన్నారట. దానికి కూడా మా పెద్ద ఒప్పేసుకున్నాడు.

ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. భయంతో కొంత. కాని భయం కన్నా ఆ దడి లోపలికి, ఆ ఎండలోకి, ఆయన నిలబడే చోటికి పోతున్నానన్న సంబరమే ఎక్కువ. మా ఆవిడ నా ముఖం చూసి, రెండో పెళ్లి గాని కుదిరిందా అని అడిగింది.

అమావాస్య నాడు గోదా చుట్టూ ఊరంతా ఉంది. మా పేటవాళ్లు దడి బయట నిలబడ్డారు. బల్ల మీద నలుగురు గురువులు. ఒకాయన పిఠాపురం నుంచి వచ్చారు, పెద్ద మీసాలు, చేతికి వెండి కడియం. మా లాకు పక్క గురువుగారు చివర కూర్చున్నారు. మూడేళ్లు రోజూ చూసిన మనిషి. ఆయన నన్ను ఏనాడూ చూడలేదు.

నేను గోదాలోకి దిగి, వంగి, మన్ను తీసుకుని నుదుటికి అద్దుకున్నాను. అంతే, ఘొల్లుమని నవ్వు. ఎందుకో అర్థం కాలేదు. బల్ల మీద నుంచి పిఠాపురం గురువుగారు అన్నారు: "ఎడం చేత్తో మొక్కుతున్నావేంటయ్యా?"

చేతి వంక చూసుకున్నాను. ఎడం చెయ్యే.

కుర్రవాళ్లూ, అన్నం తినేది, దేవుడికి దణ్ణం పెట్టేది, పడవ తోసేది నేను కుడి చేత్తోనే. కాని గోదాకి మొక్కడం నాకు వరసలో మొదటి అడుగు. ఒంటికి వచ్చిన వరస ఒళ్లే చేసుకుపోయింది. ఆ నవ్వుల మధ్య నిలబడి ఉండగా నాకు జరిగిందేమిటో తెలిసింది. ఆయనకి ఎదురుగా నిలబడి చూశాను. ఆయన కుడి చెయ్యి నాకు ఎడమ పక్కన కనపడింది, ఆ పక్క చేత్తోనే చేశాను. రెండు చేతులా పట్టే గెడకి ఏ చెయ్యి పైనో ఎవడు చూస్తాడు? మూడేళ్ల పాటు, ఎనిమిది అడుగులూ, మొత్తం సాము తిరగేసి నేర్చుకున్నాను.

కుడి చేతికి మారదామనుకున్నాను. కుడి చేతికి ఏమీ రాదు. ఇంక చేసేది లేక ఎడం చేత్తోనే వరస ఎత్తుకున్నాను. రెండో అడుగుకి నవ్వులు తగ్గాయి. నాలుగో అడుగుకి ఆగిపోయాయి. నా చెవుల్లో కర్ర చప్పుడు ఒక్కటే. ఎనిమిదో అడుగులో కర్ర చంకలోకి తెచ్చి నిలబడేసరికి ఒంట్లో ప్రతి నరమూ మోగుతోంది. అంత ఆనందం నాకు పెళ్లిలోనూ లేదు. లాకు పక్క గురువుగారు బల్ల మీద ముందుకి వంగి నా కాళ్ల వంక చూస్తున్నారు.

తరవాత జోడు. ఆయన శిష్యుల్లో మేటి, ఒక రైతుబిడ్డ, నాకు ఎదురుగా నిలబడ్డాడు. మూడు తాకిళ్లలో ఎవరు ఎక్కువ తాకితే వాళ్లది గెలుపు. మొదటిది నా పిక్క మీద పడింది. రెండోది భుజం మీద. మూడోదానికి నా కర్ర చేతిలోంచి ఎగిరి దడి దాటి కాలవలో పడింది. అతను మహా వీరుడేం కాదు. నేను మూడేళ్లు కొట్టే మనిషిని చూశాను గాని, పందిరి కింద కొట్టించుకునే మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. ఎదటివాడు ఎంత దూరంలో ఉంటాడో, కర్ర తగిలితే ఏం చేస్తాడో నాకు తెలీదు. గాలిని కొట్టడం ఒక్కటే వచ్చు.

దడి బయట మా పేట పెద్ద తల దించుకున్నాడు. వెనకాల ఎవరో, పోయి కుండలు కడుక్కోండిరా అన్నారు. పిఠాపురం గురువుగారు, ఇది అయినట్టే, పైగా ఎడమచేతి గురువు నేర్పితే పేటంతా ఎడమచేతి సామే అవుతుంది, అమ్మవారి ముందు ఆ అపచారం కూడదు అని తీర్పు చెప్పేశారు.

అప్పుడు లాకు పక్క గురువుగారు మొదటిసారి నోరు విప్పారు. "ఈ వరస నీకెవరు నేర్పారు?"

"తమరేనండి" అన్నాను.

గోదా అంతా గగ్గోలు. ఆయన ముఖం ఎర్రబడింది. నా జన్మలో నిన్ను చూడలేదు, అబద్ధమాడితే నాలిక కోస్తానన్నారు. లాకు గోడ చూపించాను. తొట్టి నిండేదాకా చూసేవాణ్ణని చెప్పాను. ఆయన గోడ వంక చూశారు, పందిరి వంక చూశారు, మళ్లీ నా వంక చూశారు.

"ఏడో అడుగులో కాలు ఎందుకు ఈడ్చావు?"

"వరసలో ఉంది కదాండి. తమరు ఈడుస్తారు కదా."

"వరసలో లేదురా" అన్నారు ఆయన, ఈసారి మెల్లగా. "చిన్నప్పుడు నా మడమకి దెబ్బ తగిలింది. అక్కడ మెలి తిరగదు. ఇది నేర్చుకోకండిరా అని వీళ్లందరికీ రోజూ చెబుతాను."

నీటి హోరులో ఆ మాట నాకు వినపడలేదు. ఆయన ఎడమ కాలు ఈడిస్తే, నేను మూడేళ్లు భక్తిగా నా కుడి కాలు ఈడ్చాను.

ఇక్కడితో నా కథ ముగిసిపోవలసిందే. ఇంతలో దడి తలుపు తోసుకుని మా బావ లోపలికి వచ్చాడు. పరీక్ష చూడటానికి కాదు. తొట్టి నిండి పడవ పైకి లేచి తలుపు దగ్గర ఆగిపోయింది, రెండో రెక్క తోసేవాడు లేడు, సరంగు తిడుతున్నాడు, నన్ను పిలుచుకుపోదామని వచ్చాడు. కాలవలో పడ్డ నా కర్ర అతని చేతిలో తడిగా ఉంది. గోదాలో అతని పాదం పడగానే అడ్డుకోవడానికి జనంలోంచి నలుగురు లేచారు. మా బావకి అలాంటివి పట్టవు.

"ఎడమచేతి సాము అంటున్నారేంటండి?" అన్నాడు. "ఈయన్ని ఎక్కిరించీ ఎక్కిరించీ నాకూ వచ్చేసింది. నాది కుడి చెయ్యేనండి. చూడండి."

నాలిక బయటికి పెట్టి, నన్ను వెక్కిరిస్తూ, వరస ఎత్తుకున్నాడు. జనం మళ్లీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. ఎందుకంటే కర్ర కుడి చేతిలో ఉంది. అడుగులన్నీ సరైన పక్కకే పడుతున్నాయి. మూడేళ్లు ఆ గోడ మీద నాకు ఎదురుగా నిలబడి చూశాడు గదా, నేను తిరగేసింది అతను మళ్లీ తిరగేశాడు. ఏడో అడుగు వచ్చింది. మా బావ ఎడమ కాలు ఈడ్చాడు.

గురువుగారు బల్ల దిగి వచ్చారు. మమ్మల్నిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి మళ్లీ చేయించారు. మా మధ్య నిలబడి ఒకసారి నన్ను, ఒకసారి మా బావని చూశారు. పెద్దగా నవ్వారు. అంత గంభీరమైన మనిషి అలా నవ్వుతారని శిష్యులకే తెలీదు. పిఠాపురం గురువుగారి వైపు తిరిగి ఏమన్నారో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"మనం శిష్యులకి వీపు చూపించి నేర్పుతాం. ఎదురుగా తిరిగితే వాళ్లు తడబడతారు. ఇతను ముఖం చూపించి నేర్పగలడు. కొట్టడం రాదు, నిజమే. ఆ పేటకి ముందు కావలసింది నేర్పేవాడు. కొట్టడం నేను నేర్పుతాను." తరవాత నాతో అన్నారు: "రేపటి నుంచి గోడ మీద కాదు. పందిరి కిందికి రా."

పిఠాపురం ఆయన మీసం దువ్వుకుంటూ ఆలోచించి, నేర్పించే విద్య కుడిచేతిదే అయినప్పుడు తనకి అభ్యంతరం లేదన్నారు. దడి బయట మా పేటవాళ్లు వేసిన కేకకి కాలవ గట్టు మీద కొంగలన్నీ లేచిపోయాయి. సరంగు అరుపులు మాత్రం ఆగలేదు. గురువునైన మొదటి ఘడియలో నేను చేసిన పని, పరిగెత్తుకుపోయి దూలం తోయడం.

డ్రిల్లు మేష్టరుగారూ, తమరు రుజువు అడిగారు. నా దగ్గర నేర్చుకున్న ఏ మనిషినైనా పిలిచి వరస చేయమనండి. ఇప్పుడు వాళ్ల మనవలు కూడా చేస్తున్నారు. ఏడో అడుగు దగ్గర చూడండి. అందరూ ఎడమ కాలు ఈడుస్తారు. మానమని నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన మడమకి తగిలిన దెబ్బ ఆయన సొంత శిష్యుల్లో ఒక్కరికీ రాలేదు, మా పేటకి వచ్చింది. దాని మీద ఎవరి సంతకమూ అక్కర్లేదు.

పది రోజులు మిగిలాయి. మా బావతో కలిపి పన్నెండు మందిని పోగుచేశాం. వలలు వేసి వచ్చినవాళ్లు వచ్చినట్టే అవతలి గోడ మీద బారుగా నిలబడేవారు, నేను ఇవతలి గోడ మీద. మధ్యలో పడవలు లేస్తూ దిగుతూ పోయేవి. సూపర్నెంటు ఏమీ చూడనట్టు పుస్తకంలో తల దూర్చుకునేవాడు, అడుగు తప్పినవాణ్ణి మాత్రం తల ఎత్తకుండానే పట్టుకునేవాడు. మా బావ తప్పు చేసినవాణ్ణి అనుకరిస్తే చాలు, వాడు మళ్లీ ఆ తప్పు చేసేవాడు కాదు. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, అలుపు అసలే లేదు. పొద్దున్న పందిరి కింద ఆయన చేత దెబ్బలు తినడం, తరవాత గోడ మీద నేర్పడం. నా పిక్కలు నల్లేరు కాడల్లా వాచిపోయాయి. అంత బాగా ఎప్పుడూ బతకలేదు.

విజయదశమి నాడు మా పన్నెండు మందీ కొత్త తలగుడ్డలు చుట్టి వీధి మొదట నిలబడ్డారు. ఊరేగింపుకి ముందు ప్రతి పేట గురువూ తన గురువు చేతుల మీదుగా కర్ర అందుకోవాలి, అది ఆచారం. నా వంతు వచ్చింది. గురువుగారు నూనె పట్టించిన కొత్త వెదురు కర్ర కుడి చేత్తో చాపారు. ఊరంతా చూస్తోంది. అమావాస్య నాటి నవ్వు నాకింకా గుర్తుంది. జాగ్రత్తగా, మర్యాదగా, కుడి చెయ్యి చాపాను.

ఆయన కర్ర వెనక్కి తీసుకున్నారు.

"ఆ చెయ్యి కాదు. నేర్చుకున్న చెయ్యి చాపు."

ఎడం చెయ్యి చాపాను. డప్పులు మొదలయ్యాయి. ఆ ఏడు మా బాట మీద నీళ్లు చల్లేవాళ్లు ఎవరూ లేరు, అందరం కర్రలు పట్టుకునే ఉన్నాం. కోమట్ల వీధి మలుపు తిరిగేసరికి దుమ్ము మోకాళ్లు దాటి, తలగుడ్డలు దాటి, అరుగుల మీద నిలబడి చూసే పెద్దల కళ్లలో పడింది. ఏడో అడుగులో పదమూడు కాళ్లు ఒక్కసారి ఈడ్చినప్పుడు మరీ లేచింది.